అటక మీది జోడు గొట్టాల తుపాకీ కొనొచ్చా?

పలమనేరు దగ్గరి పల్లె నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. కాస్త కుదించి ఇస్తున్నాను.

"సార్, మా పక్కూళ్ళో ఒక పాత మిద్దె పడగొట్టి కొత్త ఇల్లు కడుతున్నారు. అటక మీద వాళ్ళ తాత వాడిన డబల్ బ్యారెల్ తుపాకీ దొరికింది. గొట్టాల మీద నీళ్ళ అలల్లాంటి చారలున్నాయి, వెనక సుత్తుల్లాంటి రెండు హేమర్లు బయటికే కనిపిస్తాయి, పైన ఇంగ్లీషు అక్షరాల్లో మద్రాసు అని చెక్కి ఉంది. మనవడు లక్షా ఇరవై వేలు చెప్తున్నాడు. నూరేళ్ళు దాటింది, యాంటిక్, లైసెన్సు అక్కర్లేదు అంటున్నాడు. అయినా తాత లైసెన్సు పుస్తకం ఇస్తాడట. నాకు హాల్లో గోడకు పెట్టుకోవాలని ఆశ, శెనక్కాయ చేలో పందుల బెడద ఉంది కాబట్టి అవసరమైతే పేల్చుకోవచ్చు కూడా. అసలు సరుకో కాదో ఎలా తెలుసుకోవాలి, ఆ ధర పెట్టొచ్చా? పది వేలు అడ్వాన్సు ఇచ్చి ఇంటికి తీసుకుపోయి నిదానంగా చూసుకో అంటున్నాడు, తెచ్చుకోమంటారా?"

మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. తెచ్చుకోవద్దు. ఒక్క రాత్రికి కూడా వద్దు, చూసి ఇచ్చేస్తానన్నా వద్దు. లైసెన్సు లేకుండా తుపాకీ ఇంట్లో ఉంటే ఆయుధాల చట్టం 25వ సెక్షన్ కింద రెండేళ్ళకు తక్కువ కాకుండా ఐదేళ్ళ దాకా జైలు, పైన జరిమానా. 2019 సవరణకు ముందు ఇది ఒకటి నుంచి మూడేళ్ళు ఉండేది, ఇప్పుడు పెంచారు. మీరు కొన్నారా, అడ్వాన్సు ఇచ్చారా, చూడ్డానికి తెచ్చుకున్నారా అని పోలీసులు అడగరు, ఎవరి ఇంట్లో దొరికిందో అదే చూస్తారు.

ఇక ఆ "యాంటిక్ కాబట్టి లైసెన్సు అక్కర్లేదు" అనే మాట. ఈ మాట మన జిల్లాలో పాత తుపాకీ అమ్మే ప్రతివాడూ అంటాడు, వినే ప్రతివాడూ నమ్ముతాడు, ఎందుకంటే నమ్మితే హాయిగా ఉంటుంది. అందులో గోరంత నిజం ఉంది. 1959 నాటి ఆ ఆయుధాల చట్టంలోనే 45వ సెక్షన్ ఒక మినహాయింపు ఇస్తుంది: పాతబడిన నమూనాదో, పురాతన విలువ ఉన్నదో, పాడైపోయినదో అయిన ఆయుధానికి చట్టం వర్తించదు. అయితే దాని వెనకే ఒక షరతు ఉంది, అమ్మేవాళ్ళు ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి చదవడం ఆపేస్తారు: రిపేరు చేసినా, చేయకపోయినా, అది తుపాకీగా పనికిరానిదై ఉండాలి. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది తూటా పెట్టి పేల్చే 12 బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత) తుపాకీ. స్ప్రింగు విరిగిందనుకోండి, కొత్త స్ప్రింగు వేస్తే పేలుతుంది. కాబట్టి నూరేళ్ళైనా నూటయాభై ఏళ్ళైనా అది తుపాకీయే. నూరేళ్ళు దాటడం వల్ల కొత్తగా వచ్చేది ఒక అదనపు తలనొప్పి మాత్రమే, 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తుంది, దేశం దాటించడానికి వీల్లేదు. అమెరికాలో ఉన్న చుట్టాలెవరికైనా బహుమతిగా పంపుదామనే ఆలోచన ఉంటే అది కూడా మానుకోండి.

తాత లైసెన్సు పుస్తకం సంగతి. అది తాతతోనే పోయింది. లైసెన్సు అనేది మనిషికి ఇచ్చేది, పొలం పాస్‌బుక్కులాగా ఇంటికి వచ్చేది కాదు. లైసెన్సుదారు చనిపోతే వారసులు ఆలస్యం చేయకుండా ఆ తుపాకీని దగ్గరి పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలి, ఇది 21వ సెక్షన్. డిపాజిట్ చేశాక గడువులోపల లైసెన్సున్న మనిషికి అమ్ముకునే హక్కు వారసులకు ఉంటుంది, డబ్బు కూడా వాళ్ళకే వస్తుంది. లేదంటే వారసుల్లో ఒకరు తమ పేరు మీద లైసెన్సుకు పెట్టుకోవచ్చు. అంతేగాని పుస్తకం ఒక చేత్తో, తుపాకీ ఒక చేత్తో పట్టుకొని పెద్ద మనుషుల ముందు చేతులు మార్చుకునే పద్ధతి లేదు. మనవడు ఇన్నేళ్ళు అటక మీద పెట్టుకున్నందుకే సంజాయిషీ చెప్పుకోవాల్సి ఉంటుంది, అందుకని అతను ఒక వకీలుతో మాట్లాడి, తాత మరణ ధ్రువపత్రం, లైసెన్సు పుస్తకం పట్టుకొని వెళ్ళి డిపాజిట్ చేయడం అతనికీ మంచిది. ఇల్లు పడగొడుతుంటే దొరికిందని తనంతట తాను వెళ్ళి చెప్పడం వేరు, ఎవరో చెప్పగా వాళ్ళు ఇంటికి రావడం వేరు.

ఆ పుస్తకం పనికిరాదని మాత్రం అనను. మీకు కావలసిన కథంతా దాన్లోనే ఉంటుంది. ఎప్పుడు కొన్నారు, ఎవరి దగ్గర కొన్నారు, తుపాకీ నంబరు ఎంత, ఎన్ని తూటాలకు అనుమతి, ఏ ఏడాది రెన్యువల్ ఆగింది అన్నీ. ఎన్నికలు వచ్చినప్పుడల్లా తుపాకులు స్టేషన్లో డిపాజిట్ చేసి రసీదు తీసుకుంటారు కదా, పాత ఇళ్ళల్లో ఆ రసీదులు పుస్తకంలోనే మడిచి పెట్టి ఉంటాయి. వాటిని పారేయనివ్వకండి, ఫలానా నంబరు తుపాకీ ఫలానా ఏడాది ఫలానా మనిషి దగ్గర ఉందని చెప్పే కాగితం అంతకంటే గట్టిది దొరకదు. మీది పలమనేరు కాబట్టి రికార్డు చిత్తూరు కలెక్టరేట్‌లోనే వెతకాలి. చంద్రగిరి, పుత్తూరు వాళ్ళకైతే ఇంకో చిక్కు, 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా విడిపోయింది కాబట్టి పాత లైసెన్సులన్నీ చిత్తూరు ముద్రతో ఉంటాయి, మనిషి మాత్రం తిరుపతి జిల్లాలో ఉంటాడు. 1911కి ముందు కాగితం ఎవరి దగ్గరైనా ఉంటే దాని మీద చిత్తూరు జిల్లా అని కూడా ఉండదు, మనం అప్పుడు నార్త్ ఆర్కాట్.

నంబరు మీద నేను ఎందుకింత పట్టుపడుతున్నానో చెప్తాను. పాతికేళ్ళ కిందట నేనొక 12 బోరు కొన్నాను, అన్నీ కాగితాలతోనే, దర్జాగా. ఇంటికొచ్చాక భూతద్దం పెట్టి చూస్తే తుపాకీ మీద నంబరు చివర 8, పుస్తకంలో 3. ఎప్పుడో ఒక గుమాస్తా రెన్యువల్ రాసేటప్పుడు 8ని 3 చేశాడు, ఆ తర్వాత రాసిన ప్రతివాడూ ముందువాడు రాసిందే ఎక్కించుకుంటూ పోయాడు. ఆ ఒక్క అంకె సరిచేయించడానికి ఏడాదిన్నర తిరిగాను, తుపాకీ మళ్ళీ డీలరు దగ్గరికే చేరి ఆ ఏడాదిన్నరా అక్కడే పడుంది, అద్దె నేనే కట్టాను. మా ఆవిడ ఇప్పటికీ ఎవరైనా ఎనిమిది అంటే "ఎనిమిదా మూడా?" అని అడుగుతుంది. కాబట్టి నంబరు గొట్టాల మీద, వెనక ఇనుప భాగం మీద, ముందు చెక్క కింది ఇనుము మీద, మూడు చోట్లా చూడండి, మూడూ ఒకటే అయి ఉండాలి, అదే పుస్తకంలోనూ ఉండాలి. మూడింట్లో ఒకటి తేడా ఉంటే రెండు తుపాకులు కలిపి ఒకటి చేశారని అర్థం.

సరే, మనవడు డిపాజిట్ చేశాడనుకుందాం, మీరు డీలరు దగ్గరికి వెళ్ళి చూస్తున్నారనుకుందాం. ఇప్పుడు తుపాకీ గురించి మాట్లాడదాం, నాకూ ఇదే ఇష్టమైన భాగం.

మొట్టమొదట తెరిచి రెండు గొట్టాలూ ఖాళీయేనా చూడాలి. అటక మీద నుంచి దించిన తుపాకుల్లో తూటా అలాగే ఉండిపోవడం కథల్లో మాత్రమే జరిగేది కాదు. ఆ తర్వాత ముందు చెక్క ఊడదీసి, గొట్టాలను వేరుచేయమనండి. చాలామంది ఇక్కడ పైన చెక్కిన పేరు చూసి మురిసిపోతారు. మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్, కలకత్తాలో మాంటన్, రోడ్డా లాంటి కంపెనీలు అప్పట్లో తుపాకులు అమ్మేవి, వాటి పేరు గొట్టాల మధ్య పట్టీ మీద అందంగా ఉంటుంది. అయితే అది ఎక్కువగా అమ్మినవాడి పేరు. తయారైంది చాలాసార్లు బర్మింగ్‌హామ్‌లోనో, బెల్జియంలోని లీజ్ ఊళ్ళోనో. పట్టు చీర అంచు మీద షాపు పేరున్నట్టే, నేసినవాడు ధర్మవరంలోనో కంచిలోనో ఉంటాడు. పైగా అప్పట్లో బెల్జియం వాళ్ళు పేరున్న ఇంగ్లీషు కంపెనీల పేర్లను ఒక అక్షరం అటూ ఇటూ మార్చి చెక్కి అమ్మేవాళ్ళు.

అసలు జాతకం గొట్టాల కింద ఉంటుంది, తుపాకీ మూసి ఉన్నప్పుడు కనిపించని చదును భాగం మీద. అక్కడ చిన్న చిన్న ముద్రలుంటాయి. తయారైన తుపాకీలో ఎక్కువ మందు పెట్టి పేల్చి, పగల్లేదని తేలాక ప్రభుత్వం గుర్తించిన పరీక్షాశాల వేసే ముద్రలవి. బర్మింగ్‌హామ్ పరీక్షాశాల 1813లో మొదలైంది, లండన్‌ది ఇంకా పాతది. కిరీటం కింద బి.పి., బి.వి. అక్షరాలుంటే బర్మింగ్‌హామ్, 1904 తర్వాతది. అడ్డంగా రెండు రాజదండాలూ కిరీటమూ ఉంటే అదే ఊరు, 1904కి ముందుది. నాట్ ఫర్ బాల్ (గుండు పేల్చడానికి కాదు) అని ఇంగ్లీషులో రాసి ఉంటే 1875, 1887 మధ్యది. గుడ్డు ఆకారంలో ఇ.ఎల్.జి. అక్షరాలుంటే బెల్జియం, దాని మీద కిరీటం కూడా ఉంటే 1893 తర్వాతది. మనవడు "నూటయాభై ఏళ్ళది, లండన్‌ది" అని చెప్పే కథను ఈ నాలుగు ముద్రలు ఒక్క నిమిషంలో తేల్చేస్తాయి.

అన్నిటికంటే ముఖ్యం నైట్రో అనే మాట ఉందా లేదా. మీరు చెప్పిన నీళ్ళ అలల చారలు నిజమైనవైతే దాన్ని డమాస్కస్ గొట్టం అంటారు. ఇనుమూ ఉక్కూ కడ్డీలను కలిపి మెలిపెట్టి, ఒక కడ్డీ చుట్టూ తాడు చుట్టినట్టు చుట్టి, కాల్చి సుత్తితో అతికిస్తే గొట్టం అవుతుంది, తర్వాత ఆమ్లంతో రంగు తేలిస్తే ఆ చారలు బయటికి వస్తాయి. చూడ్డానికి అంత అందమైన ఇనుప పని ఇంకోటి లేదు, నేను ఒప్పుకుంటాను. అయితే ఆ గొట్టాలు పాతకాలపు పొగ వచ్చే నల్ల మందు కోసం చేసినవి. ఇవాళ దొరికే తూటాల్లో ఉండేది పొగ రాని నైట్రో మందు, దాని ఒత్తిడి వేరు. గొట్టానికి ఆ చుట్టల అతుకుల్లో ఎక్కడో లోపలి నుంచి తుప్పు పట్టి ఉంటే బయటికి తెలియదు, పేల్చిన రోజు ఎడమ చేతి వేళ్ళకు తెలుస్తుంది. డమాస్కస్ గొట్టాలు కూడా కొన్ని నైట్రో పరీక్ష నెగ్గాయి, నిజమే, కానీ ఆ ముద్ర లేకపోతే దాన్ని పేల్చే ఆలోచనే పెట్టుకోవద్దు. ఇంకో విషయం, పాత తుపాకుల్లో తూటా కూర్చునే గది రెండున్నర అంగుళాలే ఉంటుంది. ఇప్పటి రెండు ముప్పావు అంగుళాల తూటా అందులోకి దూరిపోతుంది, అదే ప్రమాదం, ఎందుకంటే దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరిగిపోతుంది. దూరింది కదా సరిపోయింది అనుకుంటాం.

చారలు దొంగవి కూడా కావచ్చు. మామూలు ఉక్కు గొట్టం మీద ఆమ్లంతోనో అచ్చుతోనో చారలు వేసి అమ్మిన చవకరకం తుపాకులు బోలెడు. ముందు చెక్క తీసేశాక, దాని కింద దాగి ఉండే భాగంలో చూడండి. నిజమైన చార అక్కడ కూడా కొనసాగుతుంది, దొంగ చార చెక్క మొదలైన చోట ఆగిపోతుంది.

గొట్టాలు విడిగా చేతికొచ్చాయి కాబట్టి, వెనక కొక్కెం దగ్గర ఒక వేలికి తగిలించి వేలాడదీసి, ఇంకో చేతి వేలి కణుపుతో మెల్లగా కొట్టండి. కుండ కొనేటప్పుడు మన ఆడవాళ్ళు కొట్టి చూస్తారే, అచ్చం అదే. కంచు మోగినట్టు మోగి కాసేపు నిలిస్తే రెండు గొట్టాలనూ కలిపే పట్టీలు గట్టిగా ఉన్నట్టు. పగిలిన కుండలా బొంగురుగా చప్పుడైతే టంకం ఊడింది, మళ్ళీ వేయించడం మన దగ్గర తేలిక కాదు. తర్వాత కిటికీ వైపు పెట్టి లోపలికి చూడండి. వెలుతురు గుండ్రటి వలయాలుగా కనిపించాలి. ఒక చోట వలయం సొట్ట పోతే గొట్టానికి నొక్కు ఉన్నట్టు. ఒక నల్లటి వలయం అడ్డంగా కనిపిస్తే అక్కడ గొట్టం ఉబ్బిందన్నమాట, అది ఎప్పుడో ఏదో అడ్డుపడి పేలినప్పుడు అవుతుంది, అలాంటిది నాకు ఊరికే ఇచ్చినా వద్దు. చిన్న చిన్న గుంటలు చాలా వాటిలో ఉంటాయి, గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టిన తుపాకీకి గుంటలు లేవంటేనే అనుమానించాలి, ఎవరో లోపల బాగా అరగదీసి నునుపు చేసి ఉంటారు. అలా అరగదీస్తే గొట్టం పలచబడుతుంది. మందం కొలిచే పరికరం డీలరు దగ్గర ఉంటే కొలవమనండి.

మళ్ళీ బిగించాక, ముందు చెక్క పెట్టకుండా గొట్టాలను పట్టుకుని అటూ ఇటూ ఊపండి. టకటకమంటే వదులైంది. బస్సు టికెట్ లాంటి పలచటి కాగితం ముక్క గొట్టాలకూ వెనక ఇనుప గోడకూ మధ్య పెట్టి మూయండి, కాగితం బిగుసుకోవాలి. జారి వచ్చేస్తే ఆ తుపాకీ బాగా అరిగింది, బాగు చేయడానికి మంచి పనివాడు కావాలి. పైనున్న తెరిచే మీట మూసినప్పుడు మధ్య గీతకు కాస్త కుడివైపు ఆగితే ఇంకా జీవం ఉంది, మధ్య దాటి ఎడమకు పోతే చాలా పని చేసి అలిసిపోయిందని అర్థం.

చెక్క విషయానికొస్తే, చేయి పట్టుకునే సన్నటి భాగం దగ్గర చీలిక చూడండి. మన వైపు దానికి రాగి తీగ చుట్టి, పైన నూనె రంగు పూసి దాచేస్తారు, అంటే పుత్తూరు కట్టు కట్టినట్టే. మనిషి ఎముకకైతే ఆ కట్టు పనిచేస్తుందేమోగానీ తుపాకీ చెక్కకు పనిచేయదు. మరమేకుల (స్క్రూల) తలల మీది గాడులు చిరిగిపోయి ఉంటే మామూలు స్క్రూడ్రైవరుతో ఎవరో విప్పారని అర్థం, అలా విప్పినవాడు లోపల ఇంకేం చేశాడో దేవుడికే తెలియాలి. హేమర్లు లాగి ఊరికే వదలకండి, ఖాళీ గొట్టం మీద కొడితే లోపలి పిన్నులు విరుగుతాయి.

ధర. కాగితం లేని తుపాకీ ధర సున్నా, లక్షా ఇరవై వేలు కాదు, ఇరవై వేలు కూడా కాదు. కాగితం సరిగ్గా ఉండి, పేల్చడానికి పనికొచ్చే స్థితిలో ఉంటే దాని ధర ఇండియన్ ఆర్డ్‌నెన్స్ (ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల) కొత్త 12 బోరుతో పోల్చి చూడండి, డీలరును అడిగితే అదెంతో చెప్తాడు. 1980ల మధ్య నుంచి విదేశీ తుపాకులు మామూలు జనానికి దిగుమతి కావడం దాదాపు ఆగిపోయింది కాబట్టి ఇంగ్లండ్ అనే మాటకు మన దేశంలో దాని విలువ కంటే ఎక్కువ పలుకుతుంది. మనవడు చెప్పే రేటు ఆ మాటకే. కానీ మీది బయటి హేమర్లున్న, చారల గొట్టం ఉన్న, అమ్మినవాడి పేరు మాత్రమే ఉన్న తుపాకీ. ముద్రలు బెల్జియం అని చెప్తే నేనైతే అందులో సగానికి కూడా ఎక్కను. ముద్రలు ఇంగ్లండ్ అని చెప్పి, గొట్టాలు మోగి, నంబర్లు కలిస్తే అప్పుడు బేరం మొదలుపెట్టండి.

పందుల సంగతి మర్చిపోండి. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అడవిపందిని అటవీ శాఖ అనుమతి లేకుండా కాల్చడం నేరం, మీ చేలో అయినా సరే, లైసెన్సున్న తుపాకీతో అయినా సరే. పైగా మీ పక్కనే కౌండిన్య అభయారణ్యం, ఏనుగులు దిగే ఊళ్ళు. రాత్రిపూట చేలో తుపాకీ చప్పుడు వినిపిస్తే ముందు వచ్చేది అటవీ సిబ్బంది.

గోడకు పెట్టుకోవాలన్నది మాత్రం న్యాయమైన ఆశే. దానికి రెండు దారులున్నాయి. ఒకటి, మీ పేరు మీద లైసెన్సు. ఇరవై ఒక్క ఏళ్ళు నిండి ఉండాలి, కలెక్టరేట్‌లో దరఖాస్తు, పోలీసు విచారణ, ఆయుధం జాగ్రత్తగా వాడటంలో శిక్షణ పత్రం కావాలి. వచ్చాక ఇప్పుడు ఐదేళ్ళకోసారి రెన్యువల్, మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు. ఆ లైసెన్సు వచ్చినా సరే హాల్లో గోడకు వేలాడదీయడానికి కాదు, తాళం వేసి పెట్టుకోవడానికి. రెండోది, కలెక్టరేట్ అనుమతితో లైసెన్సున్న పనివాడి చేత అది మళ్ళీ ఎప్పటికీ పేలకుండా డీయాక్టివేట్ చేయించడం. ఊళ్ళో వెల్డింగు షాపులో గొట్టంలో సీసం పోయించుకొచ్చి అదే డీయాక్టివేషన్ అనుకునేవాళ్ళున్నారు, చట్టం అలా అనుకోదు. నన్నడిగితే మీ తుపాకీకి ఈ రెండో దారే నప్పుతుంది, ఎందుకంటే ఆ చారల గొట్టాన్ని ఎలాగూ పేల్చకూడదు. అయితే అప్పుడు మీరు కొంటున్నది అలంకారం, దాని ధర కూడా అలంకారం ధరే ఉండాలి. ఈ మాట మనవడితో బేరంలో వాడుకోండి.

పది వేలు ఇప్పటికే ఇచ్చేసి ఉంటే వెనక్కి అడగండి, లేదా డిపాజిట్ రసీదు చూపించాక మిగతాది మాట్లాడదామని చెప్పండి. రసీదు మీద నంబరు రాసి ఉంటుంది, దాన్ని పుస్తకంలోని నంబరుతో పోల్చడానికి కళ్ళజోడు పెట్టుకొని వెళ్ళండి.